మా తోటికోడలు చదివిన నవల

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, మా మనవరాలు హాల్లో సోఫా మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో చదువుకుంటోంది. మజ్జిగ కావాలా అని మూడుసార్లు అడిగినా పలకలేదు. నాలుగోసారి దగ్గరికి వెళ్లి చూద్దును గదా, చెంపలు ఎర్రబడి, కింది పెదవి పంటి కింద నొక్కిపెట్టి, పిల్ల ఈ లోకంలో లేదు. ఏంటమ్మా అంత విశేషం అంటే, హీరోయే హంతకుడేమోనని అనుమానంగా ఉందట, అయినా హీరోయిన్ అతణ్ణి వదల్లేకపోతోందట, సరిగ్గా ఇప్పుడే మంచి ఘట్టం వచ్చిందట, కాసేపు ఆగమంది. సరేనని వంటింట్లోకి వచ్చేశాను గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది. డెబ్భై దాటినదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఆ చురుకు పేరు నాకు బాగా తెలుసు. అది అసూయ. దానికీ నాకూ ఎంత పాత పరిచయమో చెబుతాను వినండి.

నా పెళ్లయిన కొత్తల్లో మేము పాలకొల్లుకు దగ్గరలో, కాలువ పక్కన ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మాది లూథరన్ సంఘం. మా అత్తగారు స్త్రీల సమాజంలో పెద్ద, ఆవిడ ముందు గట్టిగా నవ్వడానికి కూడా మేం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవాళ్లం. మా వైపు ఆడవాళ్లకి లేసు అల్లిక ఎంత మామూలో నా ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు. నరసాపురం వైపు నుంచి ఒకావిడ నూలు ఉండలు తెచ్చి ఇళ్ల వెంట పంచి, అల్లినవి శనివారం వచ్చి పట్టుకెళ్లేది. బల్లగుడ్డ ఒకరే అల్లేది కాదు. ఒక్కో పువ్వుకు ఎనిమిది రేకులు చొప్పున తలా కొన్ని పువ్వులు అల్లితే, చివరికి అన్నిటినీ కలిపి కుట్టేవారు. అందుకని మధ్యాహ్నం గిన్నెలు కడిగేసుకుని ఏడెనిమిది ఇళ్ల ఆడవాళ్లు మా పంచలో చాపలు పరుచుకుని కూర్చునేవారు, చేతులు సూదుల మీద, చెవులు నా మీద. ఎందుకంటే వాళ్లందరికీ చదివి వినిపించేదాన్ని నేను.

ఆ పంచలో పదో తరగతి పాసైనదాన్ని నేనొక్కదాన్నే. వారపత్రిక వచ్చిందంటే చాలు, మంచినీళ్లు ఒకరు, విసనకర్ర ఒకరు, గోడవార చల్లటి చోటు ఒకరు, అంతా నాకే. కొత్త కోడలికి అత్తవారింట అంతటి వైభోగం ఇంకెలా వస్తుంది చెప్పండి. అయితే అత్తగారు ఎదురుగా కూర్చునేవారు గనక, కథానాయకుడి చెయ్యి కథానాయిక నడుం దాకా వచ్చేసరికి నాకు దగ్గు వచ్చేది. దగ్గేసి, పేజీ తిప్పేసి, తెల్లవారింది అని చదివేదాన్ని. అలా మా పంచలో ఎన్ని కథల్లోనో ఉన్నట్టుండి తెల్లవారిపోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, అంచేత నేను చేసే పని ఎవరికీ తెలియదనే అనుకునేదాన్ని.

రెండేళ్లు తిరక్కుండానే మా మరిదికి పెళ్లయింది. ఆ పిల్లది ధవళేశ్వరం. వాళ్ల నాన్నగారు అక్కడ ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. మనిషి చామనఛాయ, నా కన్నా పొట్టి, రొట్టెలు గుండ్రంగా ఒత్తడం కూడా రాదు, కాబట్టి మొదటి నెలంతా నేను తనతో చాలా ప్రేమగా ఉన్నాను. తన పెట్టెలో చీరల కింద అట్ట వేసిన నవల ఒకటి ఉండేది. అక్కా, మీరు బాగా చదువుతారట గదా అని దాన్ని తెచ్చి నా చేతికే ఇచ్చింది.

ఆ నవలలో ఒక పిల్ల అన్నయ్య గోదావరిలో శవమై తేలతాడు. పోలవరానికి పైన లాంచీలు నడిపే ఒక అందగాడి మీద అందరికీ అనుమానం. ఆ పిల్ల పేరు మార్చుకుని, నిజం తేల్చుకుందామని, అతని దగ్గరే టైపిస్టుగా చేరుతుంది. ఇంకేముంది, వాన, లాంచీలో ఇరుకు గది, తడిసిన కొంగు పిండుకోబోతే అతను అందుకోవడం, ఆ చేతులే అన్నను చంపాయేమోనని భయం, ఆ చేతుల్లోంచి బయటికి రాలేకపోవడం. నాలుగు అధ్యాయాలు చదివేసరికి నాకు దగ్గీ దగ్గీ గొంతు పుండైంది. దానికి తోడు నిజంగానే పడిశం పట్టి మాట పెగలకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం పుస్తకం మా తోటికోడలు తీసుకుంది. చదవబోయేముందు వెనక్కి తిప్పి చూసుకుని, నిన్న అక్క ఇక్కడ రెండు పేజీలు పొరపాటున తిప్పేసినట్టుందండీ, అక్కడి నుంచి చదువుతాను అంది. ఎంతో మర్యాదగా అంది, అందుకే మరీ మండింది. ఇక చదవడం మొదలుపెట్టింది. తొందర లేదు, సిగ్గు లేదు, గొంతు పెంచడం లేదు, కూరలో ఉప్పు చూసి చెప్పినంత మామూలుగా, ఆ వానలో లాంచీ గదిలో ఏం జరిగిందో ఒక్క మాట వదలకుండా చదివేసింది. తను చదవడం కాదు, తింటోంది, మామిడిపండు రసం మోచేతి దాకా కారుతున్నా పట్టించుకోకుండా తినేవాళ్లలా. పంచలో సూదులన్నీ ఆగిపోయాయి. అత్తగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇప్పుడు పడతాయి అక్షింతలు అని నేను ఆశగా ఎదురు చూశాను. అప్పుడే తోటికోడలు కూడా ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఆగావేంటమ్మాయ్, చదువు," అన్నారు అత్తగారు.

నా రాజ్యం ఆ రెండు మాటలతో పోయింది. మర్నాటి నుంచి మంచినీళ్లు తనకే, గోడవార చోటూ తనకే. గొంతు నాలుగు రోజుల్లో బాగుపడినా నన్ను చదవమని అడిగినవాళ్లు లేరు. నేను ఒక మూల కూర్చుని, తను చదివేది చెవిన పడకుండా పంతంగా రేకులు లెక్కపెట్టుకుంటూ అల్లేదాన్ని. తన గొంతు వింటే కోపం, వినకపోతే తక్కినవాళ్లంతా దేనికి అలా నిట్టూరుస్తున్నారో తెలియక ఇంకా కోపం.

శనివారం లేసులావిడ వచ్చి పువ్వులన్నీ చాప మీద పరిచింది. ఒకదానికి ఏడు రేకులు, ఒకదానికి తొమ్మిది, ఒకదానికి పదకొండు. పక్కింటి పిన్నిగారి పువ్వైతే పొద్దుతిరుగుడు పువ్వంత అయి కూర్చుంది. లాంచీ గది ఘట్టం వచ్చినప్పుడల్లా అందరూ లెక్క తప్పారన్నమాట. అత్తగారి పువ్వుల్లో కూడా మూడు తప్పు. ఆవిడ ముందు వాటిని చేతి కింద దాచబోయి, ఇక లాభం లేదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వితే ఇక అందరికీ సెలవిచ్చినట్టే, పంచ పంచంతా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నావి మాత్రం ఒక్క రేకు తప్పలేదు. లేసులావిడ నా పువ్వులు అందరికీ ఎత్తి చూపించి బుద్ధిమంతురాలంటే ఈవిడ అంది. అంత మెప్పు నాకు జన్మలో రాలేదు, అంత ఒంటరిగానూ నేనెప్పుడూ లేను. అక్కడున్నవాళ్లందరికీ పంచుకోవడానికి ఒక తప్పుంది, నాకు లేదు.

దాంతో నాలో దయ్యం దూరింది. సోమవారం అన్నం ఉడుకుతుండగా, గూట్లో ఉన్న ఆ పుస్తకం తీసి చివరి పేజీలు చదివేశాను. మధ్యాహ్నం అందరూ చేరి తప్పు పువ్వులు విప్పుకుంటూ, తోటికోడలు పుస్తకం తెరవగానే, ఏదో గుర్తొచ్చినదానిలా చెప్పాను.

"చంపింది లాంచీ ఆయన కాదండి, ఆ పిల్ల బాబాయే."

పంచంతా చల్లబడిపోయింది. నాకు లోపల సంతోషంగానే ఉంది, దాచడం దేనికి. తను ఏడుస్తుందనో, విసుక్కుంటుందనో చూశాను. తను నవ్వింది. నాకు తెలుసక్కా, పెళ్లికి ముందే రెండుసార్లు చదివానుగా అంది. పుస్తకం తనదే అయినప్పుడు చదవకుండా ఉంటుందా, నా బుర్రకి ఆ మాత్రం తట్టలేదు. రెండుసార్లు చదివినదాన్ని కూడా మొదటిసారి చదివినట్టు అంత ఇదిగా ఎలా చదవగలిగిందో నాకిప్పటికీ తెలియదు. ఈలోగా అత్తగారు గట్టిగా ఊపిరి వదిలారు.

"పోన్లే, ఆ అబ్బాయి మంచోడే. ఇన్నాళ్లూ ఆ పిల్ల అతని దగ్గరికి వెళ్తుంటే ప్రాణం గిలగిల్లాడిపోయింది. ఇక హాయిగా వినొచ్చు. చదవమ్మా."

చెడగొడదామని నేను చేసిన పని వాళ్లకి మేలైంది. ఆ మిగతా సగం వాళ్లు భయం లేకుండా ఆనందించారు. తోటికోడలు మాత్రం అప్పుడొక పని చేసింది. పుస్తకం మూయకుండానే నా వైపు చాపి, ఈ అధ్యాయం నువ్వు చదువక్కా అంది. అంతవరకు మీరు అనేది, ఆ రోజే మొదటిసారి నువ్వు అంది. నేను గొంతింకా బాగాలేదని అబద్ధం చెప్పి, తల వంచుకుని నూలు చుట్టుకున్నాను. తను మళ్లీ అడగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఎన్ని నవలలు చదివిందో, నేను ఒక్కటీ మానకుండా విన్నాను. ఎక్కడ గొంతు తగ్గిస్తుందో, ఎక్కడ కావాలని ఆపి మమ్మల్ని ఏడిపిస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. బాగా చదువుతావే అని మాత్రం ఏనాడూ అనలేదు. తన వంటలో తప్పులు మాత్రం అడగకుండానే పట్టేదాన్ని.

తను పోయి రెండేళ్లవుతోంది. జ్ఞాపకార్థ కూడికలో పెద్ద తోటికోడలు రెండు మాటలు చెబుతుందని మైకు నాకిచ్చారు. చెబుదామనే లేచాను. ఎదురుగా పాస్టరుగారు, తన పిల్లలు, మనవలు. మంచి మనిషి, అందరితో కలిసిపోయేది అని చెప్పి కూర్చున్నాను. తన గొంతు వింటుంటే నాకు ఒళ్లు మండేదనీ, అది వినందే నాకు పొద్దుపోయేది కాదనీ ఎవరికి చెప్పను.

ఇప్పుడు మా వైపు పంచలకు గ్రిల్లులు వచ్చాయి. లేసు అల్లే చేతులు తగ్గాయి. నవలలకేం లోటు లేదు, అప్పటికన్నా ఘాటుగానే ఉంటున్నాయట, ఎవరి ఫోనులో వాళ్లు, ఎవరి చెంపలు వాళ్లే ఎర్రబరుచుకుంటూ చదువుకుంటున్నారు. నా మనవరాలు ఏ ఘట్టంలో ఉందో కూడా నాకు తెలియదు, ఇక దాని మీద అసూయ పడినా అది ఎంతసేపు నిలుస్తుంది. ఒక మనిషిని చూసి ఏళ్ల తరబడి కుళ్లుకోవాలంటే ఆ మనిషి రోజూ మన పక్కనే కూర్చోవాలి. నాకు ఇక అలాంటివాళ్లు ఎవరూ లేరు.