కొండ మీది అక్క

ఉదయగిరి కొండ మీద పాడుబడిన ఒక మహలులో దయ్యం ఉందని విని, వీడియో తీద్దామని మిట్టమధ్యాహ్నం వెళ్లాను. గుమ్మం దగ్గర, మేకలు కాచుకునే ఒక అవ్వ చెప్పులు విడిచి లోపలికి కేకేసింది.

"అక్కా, ఎండగా ఉండాది. మేకల్ని తోలుకొని లోపలికొస్తా ఉండా. ఎవురో సారు కూడా వచ్చినాడు."

లోపల గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు.

"అక్కెవరవ్వా?" అన్నాను.

"మీరు దయ్యమంటారే, ఆమె. ఈ కోట శత్రువుల చేతిలో పడిపోయిన రోజు అందరూ కొండ దిగి పోయినారంట. ఆమె నెలలు నిండిన మనిషి, నడవలేక ఈడే ఉండిపోయింది. మొన్న టౌను పిలకాయలు కెమెరాలు పట్టుకొచ్చి, దమ్ముంటే బయటికి రా అని అరిచినారు. ఒకరింటికి పోయి ఆడమనిషిని అట్టా పిలస్తారా?"

మా కాకినాడలో దయ్యం ఉన్న ఇల్లంటే రోడ్డు అవతలి నుంచి నడుస్తాం. ఇక్కడ పొరుగింటికి వచ్చినట్టు పలకరిస్తున్నారు. నేను ఫోను జేబులో పెట్టేశాను. కాసేపు నీడలో కూర్చుని, "ఇక పోతానవ్వా" అంటూ లేచాను.

అవ్వ చప్పున నా చెయ్యి పట్టుకుంది.

"ఈడ పోతానని అనమాకండి సార్. ఆ పొద్దు అందరూ ఆ మాటే అని పోయినారు. పోయొస్తానని ఆమెకి చెప్పండి."

దయ్యానికి మళ్లీ వస్తానని మాటివ్వడమా? అయినా ఖాళీ గోడల వైపు తిరిగి, "పోయొస్తానక్కా" అన్నాను.

ఆత్మకూరు చేరేదాకా బస్సులో ఒకటే దిగులు, నిజంగానే ఎదురుచూస్తుందేమోనని.