పలక మీది రూలు

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న పార్కు ఉంది. నేను అక్కడికి చీకటి పడ్డాకే వెళ్తాను. పగలంతా మార్కాపురం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట ముగించేసరికి ఆ వేళ అవుతుంది. షుగర్ ఉంది, నడవమని డాక్టరు చెప్పింది. మోకాళ్ళూ సరిగా లేవు. ఈ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ మోకాళ్ళు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ అసలు సంగతి అది కాదు. రోజు మొత్తంలో ఎవరికీ టీచరునూ, ఎవరికీ అమ్మనూ కాకుండా నేను నేనుగా ఉండేది ఆ గంటే. దాన్ని ఎవరడిగినా ఇవ్వను.

నాతో పాటు పక్కింటి ఆపా వస్తుంది. ఆపా అంటే వాళ్ళ ఉర్దూలో అక్క. బట్టలు కుడుతుంది. రోజంతా మెషిన్ మీద వంగి ఉంటుందేమో, పార్కులో అడుగు పెట్టగానే నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకుంటుంది. నాకంటే పెద్దది, మాట కూడా నాకంటే గట్టిది.

పార్కులో బెంచీలు పలకరాయివి. పలకలకు పేరుపడ్డ మా మార్కాపురంలో బండలకు కొదవేముంది? నల్లగా, నున్నగా చూడ్డానికి బాగుంటాయి గానీ, ఎండాకాలం సాయంత్రం ఐదింటికి కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. చీకటి పడ్డాక ఆ వేడి సన్నగిల్లి, మోకాళ్ళకు కాపడం పెట్టినట్టు హాయిగా ఉంటుంది.

పోయిన ఎండాకాలం ఒక రోజు, గేటు పక్కన నిలబెట్టిన పెద్ద పలకరాయి మీద సుద్దతో రాసి ఉంది: 'ఆడవారికి సాయంత్రం 4 నుంచి 6 వరకు మాత్రమే. ఇట్లు, పెద్దలు.'

పెద్దలంటే ఎవరో కాదు, రోజూ అక్కడ నడిచే నలుగురైదుగురు మగవాళ్ళు. వాళ్ళ తరఫున మాట్లాడేది రిటైరైన ఒకాయన. వీధంతా మామా అనే పిలుస్తుంది.

"ఏంది మామా ఇది?" అని అడిగాను.

"కాలం బాగలేదమ్మా. చీకటి పడినాక ఆడోళ్ళకు పార్కులో ఏం పని? మీ మంచికే రాసినాం."

"కాలం బాగలేకపోతే మీరే ఇంటికి పోండి మామా. మేము ఎవరి జోలికీ పోలేదే," అంది ఆపా.

నాకు ఒళ్ళు మండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? భయపడాల్సిన వాళ్ళం మేము, మాకు భయం లేదంటుంటే మధ్యలో ఈయనకెందుకు? నాలుగు నుంచి ఆరు అని రాసిన మనిషి ఆ వేళలో ఒక్కసారి ఆ బెంచీ మీద కూర్చుని చూడాల్సింది. ఎండ మాకు, చల్లగాలి వాళ్ళకు అన్నమాట!

మాట పెంచలేదు. సీసాలో నీళ్ళు కొంగు మీద పోసుకుని రాతంతా తుడిచేశాను. మార్కాపురంలో పుట్టి, రూలును పలక మీద సుద్దతో రాస్తారా ఎవరైనా? పలక ఉన్నదే తుడవడానికి. మర్నాడు మళ్ళీ రాశారు, మళ్ళీ తుడిచాను. కొన్నాళ్ళు ఇదే వరస. మధ్యలో నలిగింది వాచ్‌మన్, పెద్దారవీడు వైపు మనిషి.

"అక్కా, నన్ను తిడతా ఉండారు. ఏడున్నర కాంగానే లైటు ఆపమన్నారు," అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని.

"ఆపు తమ్ముడూ. నువ్వేం చేస్తావు?" అన్నాను.

ఆపేశాడు. మేం చీకట్లోనే నడిచాం. కరెంటు కోతల్లో వంటలు చేసినవాళ్ళం, చీకటి మాకు కొత్తా? ఈ తుడిచే కథ వీధుల్లో పాకి, ఇంకొంతమంది ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

అప్పుడు సుద్ద పోయి తెల్ల పెయింటు వచ్చింది. కొంగు తడిపి రుద్దాను. గోటితో గీరాను. పోలేదు. ఏడుపొచ్చింది. ఒక గంట నడక కోసం ఇంత రభసా అనిపించి, "ఇంటికి పోదాం పా ఆపా," అన్నాను. ఆపా కదల్లేదు. బెంచీ మీద కూర్చుని, పక్కన కూర్చోమని చేత్తో తట్టింది.

ఏడున్నరయింది. లైటు ఆరింది. చీకట్లో ఎవరెవరో వచ్చి కూర్చుంటున్న చప్పుడు. కాసేపటికి గేటు దగ్గర మామ గొంతు వినిపించింది.

"బోర్డు చూళ్ళేదా అమ్మా మీరు?"

"యాడ మామా? లైటు మీరే ఆపించినారు గదా. చీకట్లో ఏం కనపడతాది?" అంది ఆపా.

చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెనక ఇంకొకరు. మామకు రోషం వచ్చింది.

"లైటెయ్యి రా! చదువుకుంటారు!" అని వాచ్‌మన్ మీద అరిచాడు.

వాచ్‌మన్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు వేశాడు. చూస్తే ప్రతి బెంచీ మీదా ఆడవాళ్ళే. బురఖాలవాళ్ళు, నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చినవాళ్ళు, పొలం పని చేసి ఆ చీరతోనే వచ్చినవాళ్ళు. ఇంతమందిమి ఉన్నామని నాకూ అప్పుడే తెలిసింది. ఒక్కరూ లేవలేదు.

నేనే లేచాను. ఏడుపు ఎటు పోయిందో పోయింది. బోర్డు దగ్గరికి వెళ్ళి, బడిలో పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాట మీద వేలు పెట్టి గట్టిగా చదివాను. 'ఆడవారికి' అన్నాను. ఆపా పలికింది. 'సాయంత్రం' అన్నాను. అందరూ పలికారు. 'ఇట్లు, పెద్దలు' అనేసరికి నవ్వులతో పార్కు దద్దరిల్లింది.

"చదివినాం మామా," అన్నాను. "లైటు ఆపొద్దు. మేము నడవాల."