సున్నం వేయని శనివారం

మా తాత పోచయ్య యూనివర్సిటీ గ్రౌండులో కబడ్డీ కోర్టుకు గీతలు గీసేవాడు. రేకుడబ్బాకు చిల్లులు పొడిచి, దాన్నిండా సున్నం పొడి పోసి, తాడు వెంట వంగి నడిచేవాడు. తాడు లేకుండా గీస్తే ఆ గీత మా ఇంటి ముందు మురికినీళ్ళ మోరీలా వంకర్లు పోయేది. ఈ మాట నేనంటే, "పదో తరగతి రెండుసార్లు తప్పినవ్, నీకేం ఎరుక గీతల సంగతి" అనేవాడు. నేను తప్పింది మూడుసార్లు. తాతకు లెక్కలు కూడా రావు.

తార్నాకలో మాకు రెండు గదుల ఇల్లు. మా నానమ్మ లచ్చమ్మ పోయాక తాత ఇంట్లో ఉండడం మానేశాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన నోరు విప్పి మాట్లాడేది ఒక్కడితోనే. పరశురాంతో.

అది తొంభై ఆరు. సిటీలో కొత్తగా కబడ్డీ లీగు పెట్టారు. ఆటగాళ్ళకు క్లబ్బులు నెలజీతాలు ఇచ్చేవి. అందులో పరశురామే పెద్ద ఆటగాడు. కూతకు పోతే ఇద్దరు ముగ్గురిని ఔట్ చేసిగానీ రాడు. ప్రాక్టీసు అయ్యాక రోజూ తాత పక్కన, గ్రౌండు చదును చేసే రోలరు మీద కూర్చుని నానమ్మ గురించి అడిగేవాడు. ఏం వండేది, ఎట్లా తిట్టేది అని. మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఆమె పేరెత్తితే తాత ఏడుస్తాడని మాకు భయం. వాడికి భయం లేదు. కన్నపిల్లలు, మనవలు ఉండి ఏం లాభం అన్నట్టు, తాత నోట ఎప్పుడూ "పరశురాం గిట్లన్నడు, పరశురాం గట్లన్నడు" అనే మాటే.

ఆడపిల్లల జట్టు కూడా అక్కడే ఆడేది. మౌలాలి నుంచి అమల అనే అమ్మాయి వచ్చేది. ఆగస్టులో ఒక సాయంత్రం ఆమె బట్టలు మార్చుకునే గదిలో ఒక్కతే ఉన్నప్పుడు పరశురాం లోపలికి పోయి, తలుపేసి, తనను పట్టుకున్నాడని లీగు కమిటీకి కాగితం రాసిచ్చింది. ఆ సాయంత్రం తాత ఆ గది ఎదురుగానే తాడు చుట్టుకుంటున్నాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

కమిటీ సెక్రటరీ అచ్యుతరామయ్య గారు రూల్సు పుస్తకం తిరగేశారు. రిఫరీని తిడితే రెండు మ్యాచ్‌లు ఆడనివ్వరు. ఆడపిల్ల మీద చెయ్యి వేస్తే ఎన్నో అందులో రాసిలేదు. అందుకని దీనికీ రెండే వేశారు. విచారణ లీగు అయిపోయాక చేద్దామన్నారు. అమలను పిలిచి కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు.

ఒక మ్యాచ్ గడిచింది. రెండోది శనివారం. ఆదివారం ఫైనల్. పరశురాం క్లబ్బు అప్పటికే ఫైనల్ చేరింది.

శుక్రవారం అమల తాత దగ్గరికి వచ్చింది. "తాతా, నువ్వు చూసినవ్ గదా. ఆదివారం వాడు కప్పు ఎత్తిండంటే ఇంక నా మాట ఎవరు వింటరు?" అంది. తాత సున్నం జల్లెడ పడుతూ ఉండిపోయాడు. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లారకముందే వాన. లీగులో ఒక పద్ధతి ఉంది. గీతలు పడి, రిఫరీ విజిల్ ఊదితే, ఆ తరువాత వానకు ఆట ఆగినా మ్యాచ్ జరిగినట్టే. గీతలే పడకపోతే ఆ మ్యాచ్ లేనట్టు. అప్పుడు పరశురాం శిక్షలో రెండో మ్యాచ్ ఫైనలే అవుతుంది.

మధ్యాహ్నం అచ్యుతరామయ్య గారు గొడుగు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వెనకాల పరశురాం, తడుస్తూ.

"ఏమయ్యా పోచయ్యా, వచ్చి సున్నం వెయ్యి. విజిల్ ఊదేసి ఎవరిళ్ళకు వాళ్ళం పోదాం."

"వానల సున్నం నిలవదు సార్."

"నిలవక్కర్లేదు. పడితే చాలు."

పరశురాం ముందుకొచ్చాడు. "తాతా, నా కోసం వెయ్యవా? ఆ పిల్ల ఊకెనే బద్నాం చేస్తున్నది."

"నేను చూసిన బిడ్డా. నువ్వు బయటికొచ్చినవ్. నీ ఎనక ఆ పిల్ల ఒక్క చెప్పుతోని ఉరికింది. రెండో చెప్పు రూములకెల్లి నేనే తెచ్చిచ్చిన."

వాడు ముఖం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. "మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నా దగ్గర కూసోవని."

అచ్యుతరామయ్య గారికి కోపం వచ్చింది. "నువ్వు కాకపోతే ఇంకొకడు వేస్తాడు. సున్నం ఉండే స్టోరు తాళంచెవి ఇయ్యి" అన్నారు. తాత ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. అంత పెద్ద మనిషి అక్కడిదాకా చెయ్యి పెట్టలేరు కదా. చేసేది లేక గొడుగు విప్పుకున్నారు. పరశురాం గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, తాత వైపు చూడకుండానే పోయాడు.

ఆ రోజు గీతలు పడలేదు. ఫైనల్లో వాడు లేడు. క్లబ్బు నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది. ఎందుకు ఆడలేదని జనం అడగడం మొదలుపెట్టారు. దాంతో సోమవారమే విచారణ పెట్టక తప్పలేదు. అమలకు కుర్చీ వేసి అడిగారు. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి, చూసింది చెప్పి వచ్చాడు. పరశురాంను రెండేళ్ళు లీగు నుంచి తీసేశారు.

అమల ఆడుతూనే ఉంది. కనబడితే "నమస్తే తాతా" అని తన జట్టు దగ్గరికి పోయేది. ఇరవై ఏళ్ళ పిల్ల ముసలాయన పక్కన ఎందుకు కూర్చుంటుంది? మగపిల్లలు మాత్రం ఆయన్ను చూస్తే మాటలు ఆపేసేవాళ్ళు. కప్పు పోగొట్టిన ముసలోడని ఎవడో అనడం నేనే విన్నాను.

తాత ఐదున్నరకే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆ వేళకు ఆయన ఇంట్లో ఎలా ఉంటాడో మాకెవరికీ తెలియదు. అమ్మ ఊడుస్తుంటే అడ్డం, నేను టీవీ పెడితే అడ్డం. మొదటిరోజు గడపలో నిలబడి, "ఏమన్న పని ఉన్నదా అమ్మా?" అని మా అమ్మను అడిగాడు. అమ్మ చిక్కుడుకాయల గిన్నె ఇచ్చింది. అరకిలో కాయలకు గంటన్నర సేపు ఈనెలు తీశాడు. అయిపోయాక, ఇంకా ఉన్నాయా అని అడిగాడు.