ఇంటికాడ మాన్పించడం

శొంఠి వాసన తగిలితే చాలామందికి పుట్టిల్లు గుర్తొస్తుందట. నాకు ఒళ్లు మండుతుంది. నంద్యాలలో తాగుడు మాన్పించే ఆసుపత్రిలో, ఆడవాళ్ల గదిలో, చేరినవాళ్లకు తోడుగా ఉండటం నా పని. మొన్న ఒక అత్తగారు ఆళ్లగడ్డ నుంచి వచ్చి, కోడలి మంచం పక్కన స్టీలు డబ్బా మూత తీసింది. బెల్లం, నెయ్యి, శొంఠి కలిపిన ముద్దలు. కోడలికి ఇంకా చేతుల వణుకు తగ్గలేదు. "ఊర్లో అడుగుతాండారు, యాడికి పోయింది నీ కోడలని. తీస్కపోతా. ఇంటికాడ మేమే మాన్పిస్తాం" అంది. ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను.

మాది ఆళ్లగడ్డ దగ్గర నల్లరేగడి ఊరు. చలికాలం పొద్దున్నే మంచుకు తడిసిన శనగాకు తుంచి నోట్లో వేసుకుని ఆ పులుపుకు కళ్లు మూసుకోవడం, పాలజొన్న కంకులు కాల్చి అరచేతుల్లో నలిపి ఊదుకుని తినడం, ఉగాదికి బచ్చాలు, అవే బొబ్బట్లు, కాలుతుంటే పొయ్యి చుట్టూ పిల్లులమై తిరగడం, ఇవన్నీ మాకు నేర్పింది చిన్నాయన పెళ్లాం ఓబుళమ్మ చిన్నమ్మ. వంటింటి పని ముగించి కొంగు దోపుకుని మాతో సమానంగా గులకరాళ్లు ఎగరేసి అచ్చనగిల్లలు ఆడేది. గెలిస్తే పెద్దగా నవ్వేది. ఆడది అంత పెద్దగా నవ్వకూడదని మా అవ్వ గొణిగేది.

ఒక చలికాలం చిన్నమ్మ నీళ్లాడింది. బాలింతకు చలి పట్టకూడదని శొంఠి ముద్దతో పాటు బ్రాందీ పోయడం మా ఇండ్లలో ఆనవాయితీ. శుక్రవారం తలంటుకోనిదే గుక్కెడు నీళ్లు ముట్టని మా అవ్వే దాన్ని ఇత్తడి చెంబులో వేడినీళ్లతో కలిపి, వద్దంటున్నా ముక్కు మూసి, "మందనుకోని మింగు" అని పోసింది. బిడ్డ పురిట్లోనే పోయింది. పాలు గడ్డకట్టిన నొప్పికి, కడుపుకోతకు చిన్నమ్మ ఏడుస్తుంటే, ఆ ఏడుపు వినలేక అవ్వ ఇంకో గుక్క, మరో గుక్క పోసేది. చిన్నమ్మ మత్తుగా పడుకుంటే ఇల్లు నెమ్మదిగా ఉండేది. అందరికీ అదే కావాలి.

చలికాలం పోయింది, తాగుడు పోలేదు. చిన్నాయన అరుగు మీద ఉడకబెట్టిన శనక్కాయలు ముందేసుకుని నలుగురి మధ్య తాగేవాడు. దాన్ని అలవాటు అన్నారు. చిన్నమ్మ తనంతట తాను అడిగినప్పుడు దాన్ని దయ్యం అన్నారు. తొడ గిల్లి జోల పాడేవాళ్లుంటారు. మావాళ్లు జోల కూడా పాడలేదు, చిన్నమ్మను శనగలు పోసే గదిలోకి తోసి తలుపేసి తాళం పెట్టారు.

తెల్లారేసరికి చిన్నమ్మ ఒళ్లంతా వణుకుతోంది, లేని చీమలను చేతులతో దులుపుకుంటోంది. కిటికీలోంచి చూసిన మా అమ్మ భయపడింది.

"నంద్యాలకు తీస్కపోదాం అత్తా. మనిషి నిలిచేటట్టు లేదు."

"పోయి ఏమని చెప్తావ్? మా ఇంటి ఆడది తాగుతాదనా? నాలుగు దినాలు మూసిపెడితే అదే మానుకుంటాది" అంది అవ్వ.

వేపమండలతో మంత్రగాణ్ణి పిలిపించారు. నంద్యాల బస్సులు మా ఇంటి ముందు నుంచే పోతున్నాయి. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చి చిన్నమ్మ చచ్చిపోయింది. దయ్యం తీసుకుపోయిందని ఊరికి చెప్పారు. ఏ దయ్యమూ కాదు. తాగుడుకు అలవాటుపడిన ఒంటికి వైద్యం లేకుండా ఒక్కసారిగా దాన్ని ఆపేస్తే ప్రాణం పోవచ్చని మా డాక్టరమ్మ ఇప్పుడు వచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ చెబుతుంది. అప్పుడూ అడిగితే చెప్పేవాళ్లే. అడగడానికి మావాళ్లకు సిగ్గు. పరువు నిలుపుకున్నారు, మనిషిని చంపుకున్నారు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ చోట ఎరువుల అంగడి ఉంది. అచ్చనగిల్లలు ఆడే పిల్లలు లేరు. చిన్నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆయన పిల్లలకు ఓబుళమ్మ అనే మనిషి ఉండేదని కూడా తెలియదు. ఒక్క ఫోటో అయినా ఉంచలేదు.

అత్తగారు కోడలి బట్టలు సంచిలో సర్దుతుంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మా చిన్నమ్మకూ ఇంటికాడనే మాన్పించినారు" అన్నాను.

"మానిందా?"

"సచ్చిపోయింది."

ఆమె సంచి కింద పెట్టింది. సర్దిన బట్టలు తీసి మళ్లీ మంచం మీద పెట్టింది. తర్వాత మెల్లగా, "పక్కన నేను పండుకునేదానికి ఈడ చోటుంటాదామ్మా?" అని అడిగింది.

ఉంటాదన్నాను. కోపం మాత్రం తగ్గలేదు. ఆ రోజు శనగల గది బయట నిలబడి మా అమ్మ అడిగింది కూడా అంతే, పక్కన కూర్చుంటానని. తాళంచెవి అవ్వ బొడ్లోనే ఉండిపోయింది.