రెండు సూతుల పైపు

ఇది 2023 ఎండాకాలం నాటి సంగతి. తాండూరులో నాది ఫిట్టింగుల దుకాణం. బండలు కోసి పాలిష్ చేసే యూనిట్లకు, టైర్లలో గాలి నింపే షెడ్లకు, స్ప్రే పెయింటింగ్ చేసేవాళ్లకు కావలసిన గాలి పైపులు, వాటిని కలిపే కప్లర్లు, పైపు కొనలకు బిగించే నిప్పెళ్లు, ఒత్తిడి చూపే గేజీలు అమ్ముతాను. నాన్న పెట్టిన దుకాణం ఇది. ఆయన తర్వాత పద్దెనిమిదేళ్లుగా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఇత్తడి ముక్కల గురించి చెప్పుకోవడానికి ఏముంటుందని మా ఇంట్లో వాళ్లే నవ్వుతారు. నాకు మాత్రం బందెప్ప అన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు.

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకునేవాళ్లను ఇన్నేళ్లుగా చూస్తున్నాను. కంప్రెసర్ కొనడానికి నాలుగు ఊళ్లు తిరుగుతారు, పదిమందిని అడుగుతారు. పైపు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వమ్మా" అంటారు. కంప్రెసర్ గాలిని ట్యాంకులో కుక్కి పెడుతుంది, అంతే. ఆ గాలి చేతిలోని పనిముట్టు దాకా సరిగ్గా చేరాలంటే దారిలో ఉన్న ప్రతి రంధ్రం సరైనదై ఉండాలి. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అంత చెప్పే నేనే తప్పు చేశాను.

బందెప్పది బషీరాబాద్ దగ్గరి పల్లె. వాళ్ల ఇంట్లో అందరూ గొర్లు కాసేవాళ్లే. ఈయన ఒక్కడే చిన్నప్పుడు బండల పనికి వచ్చి, అక్కడే రాతి మీద అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాడు. ఇళ్ల ముందు పేర్ల పలకలు, బడి గోడకు బిగించే పలకలు తెలుగులోనూ కన్నడంలోనూ చెక్కుతాడు. యాభై దాటాయి. గ్రైండర్ బిళ్లల కోసం మా దుకాణానికి వస్తుండేవాడు కాబట్టి నాకు ముందు నుంచే తెలుసు. నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను.

ఆ సంవత్సరం ఆయన కుడి మణికట్టు పట్టేసింది. వికారాబాద్‌లో డాక్టర్ చూసి, ఇక సుత్తి ఎత్తి కొట్టడం మానేయమన్నాడు. బందెప్ప ఊరుకోలేదు. రాళ్ల పనికి వాడే గాలి సుత్తి ఒకటి సంపాదించాడు. అందులో గాలి ఒత్తిడికి చిన్న పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడుతూ ఉలి మీద టకటకా కొడుతుంది, చెయ్యి దారి చూపిస్తే చాలు. కాసేపు పట్టి కాసేపు ఆపితే ఫరవాలేదని డాక్టర్ కూడా ఒప్పుకున్నాడు. టైర్ల షాపు మూసేస్తున్న ఒకాయన దగ్గర పాత కంప్రెసర్ తెచ్చి, ఇంటి వెనక గొర్ల కొట్టంలో ఒక మూల ఖాళీ చేసి పెట్టుకున్నాడు. ఇది కుదిరితే అక్షరాల పని ఉంటుంది. కుదరకపోతే అన్నదమ్ములతో పాటు మళ్లీ గొర్ల వెంట పోవడమే. ఆ మాట ఆయనే ఫోన్లో చెప్పాడు.

మొదటి ఆర్డర్ కూడా ఫోన్లోనే. "చెల్లె, సుత్తి మర మీద టేపు పెట్టి చూసిన. సక్కగ నాలుగు సూతులున్నది" అన్నాడు. మర అంటే పైపు బిగించే చోట ఉండే చుట్ల గాడి. సూతు అంటే ఇంచులో ఎనిమిదో వంతు. మా వైపు వడ్రంగులు, మేస్త్రీలు, బండల పనివాళ్లు అందరూ సూతుల్లోనే మాట్లాడతారు. నాలుగు సూతులంటే అర ఇంచు. నేను అర ఇంచు ఫిట్టింగులు కవర్లో వేసి బషీరాబాద్ ఆటోలో పంపించాను.

సాయంత్రానికి ఫోన్. "నువ్వు పంపింది ముసలవ్వ ఏలుకు ఉంగరం లెక్క ఊగుతున్నది" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. గాలి ఫిట్టింగులకు ఉండే మరను బీఎస్పీ అంటారు. ఆ కొలతలు పాత ఇనుప పైపుల రోజులవి. పైపు లోపలి రంధ్రాన్ని బట్టి పేరు పెట్టి, మరను మాత్రం పైన కోశారు. అందుకే పావు ఇంచు అని పేరున్న మరను బయట కొలిస్తే పదమూడు మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర ఇంచు వస్తుంది. టేపు అబద్ధం చెప్పలేదు, బందెప్ప కూడా చెప్పలేదు. అది పావు ఇంచు మర.

ఇది నిదానంగా చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా ఆ రోజు దుకాణం నిండా గిరాకీ. "అన్నా, దాని పేరు పావు ఇంచు. పావు అంటే రెండు సూతులు. ఇగ నుంచి అన్నీ రెండు సూతులవే అడుగు" అని గట్టిగా అన్నాను. "టేపు నాలుగంటది, నువ్వు రెండంటవు. సరే, నువ్వు చెప్పినట్లే" అన్నాడాయన. మర్నాడు పావు ఇంచు ఫిట్టింగులు పంపాను. బిగిశాయి. ఇద్దరం సంతోషించాం.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, రెండు సూతుల పైపు పదిహేను మీటర్లు కావాలన్నాడు. మా తాండూరులో రెండు సూతుల పైపు అంటే ఆరు మిల్లీమీటర్ల పీయూ అనే ప్లాస్టిక్ ట్యూబే. నీలం రంగులో సన్నగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎవరడిగినా అదే కోసి ఇస్తాం. దేనికని అడగలేదు. కోశాను, చుట్టాను, ఆటోలో వేశాను.

వారం తిరక్కుండా ఆయన గొంతు మారిపోయింది. "గేజీ ఏడు చూపిస్తున్నది గని సుత్తి కొడ్తలేదు చెల్లె. కోడిపిల్ల పొడిసినట్లున్నది" అన్నాడు. గేజీలో ఏడు అంటే ఏడు కేజీల ప్రెషర్. ఆ సుత్తికి అది ధారాళంగా సరిపోవాలి. నేను రెండు ప్రశ్నలు కూడా వేయకుండా, కంప్రెసర్ పాతదని గుర్తు చేసుకొని తీర్పు చెప్పేశాను. "నీ కంప్రెసర్ల దమ్ము లేదన్నా. ఆ సుత్తికి అది సాలదు."

"గట్లనా. సరే చెల్లె" అని పెట్టేశాడు.

ఆ తర్వాతి శనివారం పొద్దున్నే ఆయన భార్య తుల్జమ్మ దుకాణానికి వచ్చింది. చేతిలో గోనె సంచి. అందులో నేను పంపిన ఫిట్టింగులు, పైపు చుట్ట. ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమంది. ఆయన రాళ్ల పని బంద్ పెడుతున్నాడనీ, ఉలులన్నీ తీసుకుపోవడానికి పెద్దేముల్ నుంచి ఒకాయన రేపు వస్తున్నాడనీ చెప్పింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి కాదు, ఏదో సంతలో సంగతి చెబుతున్నట్టే చెప్పింది. వెళ్లబోతూ ఒక్క మాట అంది.

"అన్నం తినేటప్పుడు గూడ పళ్లెంల ఏలుతోని అక్షరాలు రాస్తడమ్మా. నేను చూడనట్లే ఉంటున్న."

ఏం చెయ్యాలో తోచక సంచిలోంచి పైపు బయటికి తీశాను. రెండు చివర్లా నిప్పెళ్లు బిగించి ఉన్నాయి. అప్పుడు చూశాను. ఆరు మిల్లీమీటర్లు బయటి కొలత. లోపలి రంధ్రం నాలుగే. అలాంటిది పదిహేను మీటర్లు.

"ఇదేనా సుత్తికి పెట్టింది?" అని అడిగాను. ఔనంది. నువ్వే గదా అన్నీ రెండు సూతులవి అడగమన్నది, ఆయన అట్లనే అడిగిండు అంది.

మరకు చెప్పిన కొలతను ఆయన పైపుకు కూడా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకోడు? అన్నీ అని నేనే కదా అన్నాను. మరను ఒక పేరుతో పిలుస్తాం, పీయూ ట్యూబును బయట కొలుస్తాం, రబ్బరు హోస్‌ను లోపల కొలుస్తాం. ఒకే సూతు మూడు చోట్ల మూడు రకాలు. ఆ గందరగోళం మా వ్యాపారానిది, శిక్ష ఆయనకు పడుతోంది. కంప్రెసర్‌లో దమ్ము ఉందో లేదో అసలు ఎవరికీ తెలియదు. ట్యాంకరు నీళ్లను ఇంజెక్షన్ సూదితో పట్టినట్టు, సుత్తికి గాలే అందలేదు.

"తుల్జమ్మా, జర ఆగు. నేను వస్తున్న" అన్నాను. "హౌదా?" అంది ఆమె కన్నడంలో, అట్లనా అన్నట్టు. దుకాణం షట్టర్ దించేశాను. శనివారం గిరాకీ వదిలి షట్టర్ దించడం పక్క దుకాణం వాళ్లు అదే మొదటిసారి చూడటం. లోపల పది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రబ్బరు హోస్ ఎనిమిది మీటర్లు, రంధ్రం పెద్దగా ఉన్న క్విక్ కప్లర్, హోస్ నిప్పెళ్లు, క్లిప్పులు, టెఫ్లాన్ టేప్, ఒక గేజీ, దాన్ని దారి మధ్యలో బిగించడానికి మూడు మూతుల టీ ఒకటి, అన్నీ ఆ పాత పైపు ఉన్న సంచిలోనే వేసుకుని ఇద్దరం షేర్ ఆటో ఎక్కాం. హోస్ చుట్ట నా ఒడిలో.

బందెప్ప నన్ను చూసి మర్యాదగా కుర్చీ వేశాడు. ఉలులన్నీ నూనె రాసి గుడ్డలో వరసగా పెట్టి ఉన్నాయి. నేను కూర్చోలేదు.

"అన్నా, తప్పు నాది. నీ కంప్రెసర్‌ను చూడకుండనే నోరు పారేసుకున్న. ఒక్కసారి ఆన్ చెయ్యి" అన్నాను.

ముందు పాత పైపే పెట్టి, గేజీని ట్యాంకు దగ్గర కాకుండా సుత్తి పక్కనే బిగించాను. సుత్తి ఊరికే ఉన్నప్పుడు ముల్లు ఏడు మీద నిలబడింది. ఆయన మీట నొక్కగానే రెండుకు పడిపోయింది. వదిలితే మళ్లీ ఏడు. ఆయన మూడుసార్లు నొక్కి చూశాడు. గాలి కదలనప్పుడు ఎంత సన్న పైపులోనైనా ప్రెషర్ నిండుగానే కనిపిస్తుంది, పని మొదలైతేనే అసలు సంగతి తెలుస్తుంది. ట్యాంకు మీది గేజీని నమ్మి ఆయన, ఆయన మాట నమ్మి నేను, ఇద్దరం మోసపోయాం.

వాల్వ్ కట్టేసి, పైపులో మిగిలిన గాలి వదిలేశాకే ఫిట్టింగులు విప్పాను. ఒత్తిడిలో ఉన్న పైపును విప్పితే పాములా లేచి మొహం మీద కొడుతుంది. మరలకు టెఫ్లాన్ టేప్ బిగించే దిక్కుగా చుట్టి, కొత్త హోస్‌కు క్లిప్పులు వేశాను. లావు హోస్ బరువుకు మణికట్టు లాగకుండా సుత్తి దగ్గర ఒక జానెడు మెత్తటి పైపు ముక్క కలిపాను. అన్ని అతుకుల మీదా సబ్బునీళ్లు పోశాం. ఒక చోట బుడగ వచ్చింది. బిగించాం, పోయింది.

"ఇప్పుడు నొక్కన్నా."

గుర్‌మని లేచింది సుత్తి. కొట్టంలో గొర్లు బెదిరి ఒక మూలకు పోయాయి. ముల్లు ఆరు దగ్గరకు దిగి అక్కడే ఆగిపోయింది. అబద్ధమెందుకు, నేను గంతేశాను. నా వయసుకు తగని పనే, అయినా వేశాను.

బందెప్ప పగిలిపోయిన తాండూరు బండ ముక్క ఒకటి ముందుకు లాక్కొని, పెన్సిల్‌తో 'ఝ' అని గీశాడు. అదే ఎందుకని అడిగాను. "ఈ అక్షరంతోని పేర్లు ఎక్కువ రావు గని, చెయ్యి ఉన్నదో పోయిందో ఇదే చెప్తది" అన్నాడు.

ఉలి పెట్టాడు. కొంచెం చెక్కడం, ఆపడం, మణికట్టు విప్పి మూయడం, మళ్లీ పెట్టడం. వంపు తిరిగే చోట నేను ముందుకు వంగి చూశాను. తుల్జమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది. అరగంటకు అక్షరం పూర్తయింది. ఆయన దుమ్ము ఊది, గాడి అంచును బొటనవేలితో చివరి దాకా తడిమాడు. తలెత్తకుండానే అన్నాడు.

"ఏమే, పెద్దేముల్ ఆయనకు ఫోన్ చెయ్యి. రేపు రావద్దని చెప్పు."

"ఎందుకని అడిగితే ఏం చెప్పాలె?"

"ఉలులకు పని ఉన్నదని చెప్పు."

ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇవాళ ఆయన కొట్టంలో నాలుగు పలకలు ఎప్పుడూ వంతులో ఉంటాయి. నా పద్ధతి కూడా మారింది. ఎవరు వచ్చి ఎన్ని సూతులన్నా ముందు పనిముట్టు ఏమిటి, కంప్రెసర్‌కు ఎంత దూరంలో ఉంటుంది అని అడుగుతాను. పాత ముక్క తెమ్మంటాను, దాని రంధ్రం చూస్తాను. ఈ జాగ్రత్తలు అందరూ నేర్చుకునేవే. నాకు అసలు గుచ్చుకున్నది వేరు. నేను గల్లా దగ్గర కూర్చుని ఒక్క నిమిషంలో అన్న మాటను నమ్మి, ఒక మనిషి ముప్పై ఏళ్ల చేతిపనిని గుడ్డలో మూట కట్టేశాడు. అందుకే ఇప్పుడు దమ్ము లేదనే మాట ఎవరితోనూ ఫోన్లో అనను. గేజీ సంచిలో వేసుకొని ఆటో ఎక్కుతాను.