ముప్పై ఏడో ఫోటో

ముప్పై ఆరు ఫోటోల రీలులో ముప్పై ఏడు తీయడం మా బాపు నేర్పిన విద్య. రీలు కొసను కెమెరాలో పొదుపుగా చుట్టుకుంటే చివర్లో ఇంకొక్కదానికి జాగా మిగులుతుంది. రామన్నపేటలో మా స్టూడియో పిసినారితనం అది. పెళ్లిళ్లలో ఆ మిగులు ఫోటోలో వంటవాళ్లనో, చెప్పులకు కాపలా కూర్చున్న ముసలాయననో తీసేవాణ్ణి.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు, ఊళ్లలో పోలీసు క్యాంపులున్న కాలంలో, ఒక పొద్దున జీపు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. గుట్ట కింద ఒక యువకుడి శవం. ఎదురుకాల్పులన్నారు. పక్కన తుపాకీ పెట్టి, చేతుల మీద గుడ్డ కప్పి, ఫోటోలు తీయమన్నారు. చెప్పినట్టే తీశాను. ముప్పై ఆరూ అయ్యాక గాలికి గుడ్డ జరిగింది. రెండు మణికట్ల మీదా తాడు కోసుకుపోయిన గుర్తులు. చేతులు కట్టేసిన మనిషి తుపాకీ ఎలా కాలుస్తాడు? ముఖం, మణికట్లు రెండూ పడేలా ముప్పై ఏడోది నొక్కాను.

కడిగిచ్చిన నెగెటివులను వాళ్లు ముప్పై ఆరు లెక్కపెట్టి పట్టుకుపోయారు. మిగిలిన ముక్కను కవర్లో పెట్టి దాచాను. నన్ను ధైర్యవంతుణ్ణి అనుకునేరు. దాచడం వరకే నా ధైర్యం. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆ యువకుడి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గొర్లు కాసుకునే కుటుంబం. సోదాలకు వచ్చినప్పుడు అతని ఫోటోలన్నీ, బడి ఫోటోతో సహా, పోలీసులు పట్టుకుపోయారట. కొడుకు ముఖం ఇంట్లో ఎక్కడా లేదు.

"మన రాష్ట్రం అచ్చె గద బిడ్డా, ఇంక భయమేంది? ఆ పొద్దు నువ్వే తీసినవట. నా కొడుకు మొకం నాకియ్యి," అన్నది.

కాదనలేకపోయాను. నెగెటివును కంప్యూటర్లోకి ఎక్కించి చూపించాను. ఆమె ఏడవలేదు. తెర మీద ఆ మణికట్లను వేలితో తడిమింది.

"ఎంత గట్టిగ గుంజి కట్టిండ్రో," అన్నది. వేలు కొడుకు రెప్పల మీదికి జరిపి, "కండ్లు తెరిపియ్యి బిడ్డా. పటం కట్టిచ్చుకుంట," అన్నది.

పోయినవాళ్ల కండ్లు తెరిపించడం మా స్టూడియోలకు కొత్త పని కాదు. రక్తసంబంధీకుల కండ్లు తెచ్చి అతికిస్తాం. ఆమెనే స్టూలు మీద కూర్చోబెట్టి, రెప్ప కొట్టొద్దని చెప్పి ఫోటో తీశాను. తల్లి కండ్లు కొడుకు ముఖంలో అచ్చుగుద్దినట్టు కుదిరాయి. తల దువ్వాను, చొక్కా తొడిగాను, మెడ మీది కమిలిన చర్మం తుడిచేశాను. పటానికి ఛాతీ వరకు చాలు కదా అని చేతులు కత్తిరించేశాను. అంతా అసలు ఫోటో మీదే చేసి, దానిమీదే సేవ్ చేశాను. పటం చూసి ఆమె నవ్వింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. పోయినవాళ్ల వస్తువు ఉంచుకోవద్దంటారు. ఆ నెగెటివు నాకు చితిలోంచి ఏరిన బొక్కలా అనిపించింది. పసుపు గుడ్డలో చుట్టి, తీసుకుపోయి, నురగలు కక్కుతున్న మూసీలో కలిపి దండం పెట్టుకున్నాను. పుణ్యం చేశాననుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అది కూడా నా భయమే.

మొన్న ఎండాకాలం ఆమె మళ్లీ వచ్చింది. వెంట ఒక వకీలమ్మ.

"అన్నా, చేతులు కనపడే అసలు ఫోటో కావాలె. అదుంటే కేసు మళ్ల నడిపియ్యొచ్చు," అన్నది వకీలమ్మ.

నేను పోయి ఫ్యాను వేశాను.

"ఉన్నది. నేను చూసిన గద," అన్నది తల్లి, నా తరఫున.

చెప్పాను. దిద్దడం, కత్తిరించడం, మూసీలో కలపడం, అన్నీ. వకీలమ్మ రాసుకోవడం ఆపింది.

"నేను సాక్ష్యం చెప్త," అన్నాను.

"చెప్పాలె అన్నా. కాని గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకూ తెలుసు. ఆ తల్లి నన్ను తిడితే బాగుండని, దుమ్మెత్తి పోస్తే బాగుండని కోరుకున్నాను.

"కండ్లు తెరిపియ్యమన్నది నేనే గద. నీదేం తప్పు బిడ్డా," అన్నది.

వకీలమ్మ కాగితాలు సర్దుకోసాగింది.

ఆమె లేచి, అప్పటి స్టూలు మీదే కూర్చుంది. గాజులు పైకి నెట్టుకుని, రెండు మణికట్లూ ఒకదానిమీద ఒకటి చేర్చి ముందుకు చాపింది.

"గిట్లనే ఉండె గద? తియ్యి."

"అవ్వా, గది కోర్టుల చెల్లది," అన్నది వకీలమ్మ మెల్లగా.

"నాకెరుకే. తియ్యనియ్యి."

కెమెరా కంటికి ఆనించాను. ఆమె నేను అప్పుడెప్పుడో చెప్పినట్టు రెప్ప కొట్టకుండా చూసింది. పటంలో కొడుకు చూస్తున్నదీ ఆ కండ్లతోనే.

తీశాను. అందులో నేనేమీ దిద్దలేదు.