రెక్కల పాము నోట్లో కన్ను

మా స్కార్లింగ్ ఊళ్ళో అమీస్ అవ్వంత పొట్టి మనిషి లేదు, ఆవిడంత నోరున్న మనిషీ లేదు. పీపాలు చేసే థర్‌స్టన్ భార్య. ఆయన పోయాక పన్నెండేళ్ళుగా ఆ పని ఆవిడే చేస్తోంది. బీరు కాచే ప్రతి ఇంట్లోనూ అవ్వ బిగించిన పీపాయే ఉంటుంది, ఒక్క చుక్క కారదు.

ఆవిడకు ఒక్కటే పిచ్చి. పూజలో గంట మోగి, దేవుడి శరీరంగా మారిన గోధుమ అప్పాన్ని ఫాదర్ రెండు చేతులా పైకెత్తే క్షణాన్ని కళ్ళారా చూడాలి. చూసిన రోజున హఠాత్తుగా చావు రాదనీ, చూపు పోదనీ మేమంతా నమ్ముతాం. ఈ నమ్మకంలో అవ్వ మాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. మా చర్చిలో చూడటం అయిపోగానే గౌను ఎత్తిపట్టుకుని పక్కూరి చర్చికి పరిగెత్తేది, అక్కడ ఇంకోసారి చూడ్డానికి. ఎడమ కంట్లో ఎప్పుడో పువ్వు వేసింది. మిగిలిన కుడికన్నును ఈ చూపే కాపాడుతోందని ఆవిడ నమ్మకం.

నేను పైర్స్‌ని, ఆ చర్చిలో గంట కొట్టేవాణ్ణి. అప్పం ఎత్తేటప్పుడు ఫాదర్ గైల్స్ వెనక మోకరించి ఆయన పైవస్త్రం అంచు పట్టుకోవడం కూడా నా పనే. అందుకని జనం దేవుణ్ణి చూస్తుంటే నేను జనాన్ని చూస్తుంటాను.

ఆ ఏడాది ఉన్ని వర్తకుడు, మా చర్చి పెద్ద అయిన హామండ్, జనం నిలబడే చోటుకూ బలిపీఠానికీ మధ్య ఓక్ చెక్కతో తెర కట్టించాడు. అబ్బ, ఏం తెర! పైభాగమంతా కోసుగా వంగిన కమానులు, చెక్కిన ద్రాక్షతీగలు, వాటి సందుల్లోంచి అవతలి దీపాలు. కింద ఛాతీ ఎత్తు వరకు గట్టి పలకలు, వాటిమీద ఎరుపూ ఆకుపచ్చా బంగారు రంగుల్లో పునీతుల బొమ్మలు. పునీత మార్గరెట్టమ్మ కాళ్ళ కింద రెక్కల పాము నోరు మూసుకుని పడి ఉంది.

మొదటి ఆదివారం గంట కొట్టాను. ఊరంతా మోకరించింది. మోకరిస్తే ఏముంది, ముఖానికెదురుగా పలక! వడ్రంగీ హామండూ నిలబడి కొలిచారు గానీ ఒక్కసారైనా మోకాళ్ళమీద కూర్చుని చూసుకోలేదు. అంత ఖర్చు పెట్టినవాడి ముందు ఎవరు నోరెత్తుతారు? అవ్వ ఎత్తింది.

"నేనొచ్చింది దేవుణ్ణి చూడ్డానికయ్యా, మార్గరెట్టమ్మ చెప్పులు చూడ్డానికి కాదు!"

"మనసుతో చూడవ్వా" అన్నాడు హామండ్.

"అయితే నీకు బీరు కూడా మనసుతోనే పోస్తా, తాగు!"

మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. అవ్వ కుడికంట నీళ్ళు కారడం మొదలైంది. "పోతుందిరా పైర్సూ, ఇదీ పోతుంది" అని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. నాకూ ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున చూస్తే రెక్కల పాము నోరు తెరుచుకుని ఉంది. బొటనవేలు పట్టేంత గుండ్రటి బెజ్జం.

హామండ్ చిందులు తొక్కాడు. "ఎవడు వాడు? బిషప్పుగారి కోర్టుకీడుస్తా! కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేతిలో కొవ్వొత్తితో చర్చి చుట్టూ తిప్పిస్తా!" ఊరందరినీ పిలిచి, ఒక్కొక్కరినీ బెజ్జం ముందు మోకరించమన్నాడు. వంగకుండా ఎవరి కంటికి సరిపోతే వాళ్ళే దొంగ. ఏం తెలివండీ! ప్రతివాడూ మెడ వంచి కన్ను పెట్టడం, "అబ్బో, బలిపీఠం ఎంత బాగా కనిపిస్తోందో!" అనడం. రొట్టెలు కాల్చే సిస్లీ అయితే లేవనంటే లేవనంది. వెనకాల వరసలో తోపులాట.

అవ్వ వంతు వచ్చింది. వంగనక్కర్లేకపోయింది.

"నేనే తొలిచా, మా ఆయన బరమాతో. ఎంత గుండ్రంగా వచ్చిందో చూశావా?"

ఊరంతా గొల్లున నవ్వింది. హామండ్ ముఖం కందగడ్డయింది. "శనివారంలోగా నీ చేత్తో నువ్వే మూసెయ్యి. లేకపోతే కోర్టే!"

"మూస్తాలే."

ఆదివారం వచ్చి చూస్తే తెర పొడుగునా పదకొండు బిరడాలు. పీపాలకు వేసేవే, పట్టుకోవడానికి చిన్న గుబ్బలతో సహా.

"ఏంటివి?" అన్నాడు హామండ్.

"మూయమన్నావు, మూశాను. ఒక్కటి కూడా కారదు."

"ఉన్నది ఒక్క బెజ్జమేగా!"

"మిగతావాళ్ళూ మూయించుకుంటామన్నారు నాయనా. మూయాలంటే ముందు తొలవాలిగా?"

ఇంతలో పూజ మొదలైంది. హామండ్ పళ్ళు నూరుకుంటూ అవ్వ పక్కనే నిలబడ్డాడు. సమయానికి గంట కొట్టాను. ఊరు మోకరించింది. టప్, టప్, టప్! పండగనాడు పీపాలు తెరిచినట్టు పదకొండు చప్పుళ్ళు. నవ్వు ఆపుకోలేక ఫాదర్ పైవస్త్రం అంచు నోట్లో కుక్కుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పలకల్లో పదకొండు కళ్ళు మెరుస్తున్నాయి.

అప్పుడు హామండ్ గొంతు వినిపించింది. మర్నాడు ఉన్ని మూటలతో ఓడెక్కాల్సిన మనిషి. తెర కట్టించిన దగ్గర్నుంచి ఆయనా ఏమీ చూడలేదు, ఎవరికీ చెప్పుకోలేదు.

"అవ్వా... కాస్త జరుగుతావా? రేపు సముద్రమ్మీద..."

ఫాదర్ చేతులు లేస్తున్నాయి. అప్పం పైన ఉండేది ఒక్క ఊపిరిసేపు. పాము నోట్లోంచి అవ్వ కన్ను మాయమైంది. ఆ చోట గుబురు కనుబొమ కింద ఇంకో పెద్ద కన్ను, నీళ్ళు నిండి. ఎంత ఏడ్చి తెచ్చుకున్న చూపు, వీడికిచ్చేసిందే! అప్పం కిందికి దిగింది.

ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. పైవస్త్రం అంచు పట్టుకుని గట్టిగా లాగాను.

"ఫాదర్, మళ్ళీ ఎత్తండి."

"పిచ్చి పట్టిందేంట్రా నీకు?" ఆయన పెదవులు కదపకుండా గొణిగారు.

"అమీస్ అవ్వ చూళ్ళేదు ఫాదర్."

ఆయన తల తిప్పలేదు. వీపు మాత్రం కొంచెం అదిరింది, నవ్వో ఏమో. తర్వాత రెండు చేతులూ మెల్లగా మళ్ళీ లేచాయి. నేనూ గంట మళ్ళీ కొట్టాను. పాము నోట్లోకి చిన్న కన్ను తిరిగొచ్చింది.

"ఇంకాస్త పైకి ఫాదర్!" అని తెర వెనక నుంచి కేక.

ఒక్కసారే ఎత్తాలని బిషప్పుగారి ఆజ్ఞ. ఆ ఆదివారం మా ఊళ్ళో రెండుసార్లు ఎత్తారని ఆయనకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి చేరవేయాల్సిన మనిషి మా చర్చి పెద్దే. ఆయనా చెప్పలేదు.